నూనె తగ్గింది సరే, మిగతా లెక్క ఎక్కడ?

ఎయిర్ ఫ్రయర్‌లో చేసిన చీజ్ వెజిటబుల్ బైట్స్ పిల్లలకు ఆరోగ్యకరమైన సాయంత్రపు తిండి అన్న మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో, విజయవాడ, విశాఖ ఇళ్ళలో, డాలస్, న్యూజెర్సీల్లో కాపురాలున్న తెలుగువాళ్ళ వంటిళ్ళలో అందరిదీ ఒకే మాట. చెప్పేవాళ్ళు కారణాలు కూడా చూపిస్తారు. మూకుడు నిండా నూనె పోసి వేయించే పని లేదు. లోపల క్యారెట్, బీన్స్, క్యాప్సికమ్ ఉన్నాయి. చీజ్‌లో కాల్షియం, ప్రొటీన్ ఉన్నాయి. బయట కొన్నది కాదు, ఇంట్లో చేసింది. అన్నిటికంటే బలమైన కారణం చివర్లో వస్తుంది: మామూలుగా పెడితే కూరగాయ ముట్టని పిల్లలు వీటిని అడిగి మరీ తింటారు.

విడివిడిగా చూస్తే వీటిలో ప్రతిదానిలోనూ ఎంతో కొంత నిజముంది. అన్నీ కలిపి తేల్చిన ముగింపు మాత్రం తప్పు. ఎందుకు తప్పో ఒక్కొక్కటే తీసుకుని చూపిస్తాను.

అంతకుముందు ఒక మాట. 2010లో బెర్లిన్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఫిలిప్స్ సంస్థ పరిచయం చేసిన ఈ యంత్రం మీద నాకు కోపమేమీ లేదు. దాన్ని కొనడానికి మంచి కారణాలే ఉన్నాయి. స్టవ్ దగ్గర నిలబడక్కర్లేదు, నూనె చిందదు, చేతులు కాలవు. అమెరికాలో మూకుడు పెడితే పొగకు అలారం మోగే ఇళ్ళున్నాయి, వాడిన నూనె ఎక్కడ పారబోయాలో తెలియని అవస్థ ఉంది. ఈ కారణాలు చెప్పి కొనుక్కున్నవాళ్ళతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఈ యంత్రం పేరు చెప్పి ఎప్పుడో ఒకసారి చేసుకోవలసిన వంటకాన్ని రోజువారీ తిండిగా మార్చేయడంతోనే.

1. నూనె లెక్కను సగంలో ఆపేశారు

ముందు కొలతలు పెట్టుకుందాం. ఇళ్ళలో ఇంచుమించు ఈ పాళ్ళలోనే చేస్తారు. ఉడికించిన ఆలుగడ్డ 250 గ్రాములు. క్యారెట్, బీన్స్, క్యాప్సికమ్, స్వీట్‌కార్న్ అన్నీ కలిపి 150 గ్రాములు. చీజ్ 100 గ్రాములు, బ్రెడ్ పొడి 60, కార్న్‌ఫ్లోర్ 30, ఉప్పు అర టీస్పూను. ఇరవై ఉండలు వస్తాయి, ఒక్కోటి 30 గ్రాములకు కాస్త తక్కువ. బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్ల ఆరు తింటుందనుకుందాం.

ఈ ఆరింటినీ మూకుట్లో వేయిస్తే, బరువులో పదో వంతు నూనె పీల్చుకుంటాయనుకున్నా, 17 గ్రాముల నూనె లోపలికి వెళ్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టేముందు పైపైన రాసే నూనె ఆరింటి వాటాకు 3 గ్రాములు. మిగిలింది 14 గ్రాములు, సుమారు 125 కేలరీలు. ఇది నిజమైన ఆదా, కాదనను. అందరూ లెక్క ఇక్కడే ఆపేస్తారు.

మనం ఆపకుండా ముందుకు వెళ్దాం. ప్రాసెస్డ్ చీజ్‌లో దాదాపు నాలుగో వంతు కొవ్వే. ఆరు ఉండల్లో 30 గ్రాముల చీజ్ ఉంది, అంటే ఏడున్నర గ్రాముల కొవ్వు. మిగిల్చామనుకున్న 14 గ్రాముల్లో సగానికి పైగా ఇలా వెనక్కి వచ్చేసింది. అది ఏ కొవ్వన్నది ఇంకా ముఖ్యం. పాల కొవ్వులో మూడింట రెండు వంతుల దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. వేరుశనగ నూనెలో అది ఐదో వంతు లోపే, పొద్దుతిరుగుడు నూనెలో ఇంకా తక్కువ. కాబట్టి చీజ్ వేయని కూరగాయ ఉండల్ని వేరుశనగ నూనెలో ముంచి వేయించి ఆరు పెడితే పిల్లకు అందే సంతృప్త కొవ్వు సుమారు 3 గ్రాములు. చీజ్ పెట్టి, నూనె తగ్గించి, ఎయిర్ ఫ్రయర్‌లో చేసిన ఆరింటి నుంచి అందేది 5 గ్రాములు. గుండె పేరు చెప్పి దేన్ని తగ్గించాలనుకున్నారో అదే పెరిగింది.

చీజ్ పెట్టి నూనెలో కూడా వేయిస్తే ఇంకా ఎక్కువ కదా అని అడుగుతారు. నిజమే, ఎక్కువే. కానీ మన కూరగాయ వడల్లో, పునుగుల్లో, పకోడీల్లో చీజ్ ఎప్పుడుంది? నూనె మానేశాం గనక చీజ్ వేసుకోవచ్చన్న ధైర్యం చాలా ఇళ్ళలో ఈ యంత్రంతోనే వచ్చింది. ఒక చేత్తో తీసింది రెండో చేత్తో పెట్టి, తీసినదాన్ని మాత్రమే చెప్పుకోవడం లెక్క కాదు.

నూనె మీద ఇంత భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. భయపడవలసింది అదే నూనెను రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ కాచడానికి. అలా కాచినకొద్దీ నూనెలో పోలార్ పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రత సంస్థ నియమం పెట్టింది, 2018 జూలై 1 నుంచి అది అమల్లో ఉంది. బజ్జీల బండి మీద నల్లబడిన నూనెకు పనికొచ్చే హెచ్చరిక అది. ఇంట్లో చిన్న మూకుట్లో పావు లీటరు నూనె పోసి, పని అయ్యాక మిగిలింది వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల పోపుకు వాడేసే ఇల్లాలికి ఆ నేరం అంటగట్టడం అన్యాయం.

2. యంత్రమే వంటకాన్ని మార్చేసింది

అసలైన చిక్కు ఇక్కడుంది. ఇది ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం గనక కాస్త వివరంగా చెబుతాను.

ఎయిర్ ఫ్రయర్ ఒక చిన్న ఓవెన్. పైన కాయిల్, దానికి తోడు గట్టిగా తిరిగే ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. 1400, 1500 వాట్ల కరెంటుతో గాలిని 200 డిగ్రీల దాకా వేడిచేసి బుట్ట చుట్టూ తిప్పుతుంది. ఏ ఉండైనా పైన కరకరలాడాలంటే ముందు ఆ పైపొరలో నీరు ఆవిరైపోవాలి. నీరున్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తడి ఆరి 140 డిగ్రీల ప్రాంతానికి చేరాక ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి ఆ ఎర్రటి రంగునూ కమ్మటి వాసననూ ఇస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన రసాయన చర్య ఇదే.

ఈ పని నూనె చేసే వేగంలో గాలి చేయలేదు. 180 డిగ్రీల ఓవెన్ తలుపు తీసి లోపలికి ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీసేయగలం. అదే వేడిలో ఉన్న నూనెలో ఆ క్షణం చాలు, చర్మం బొబ్బలెక్కడానికి. కాగిన నూనెలో వేసిన ఉండకు నిమిషం లోపే పైపొర బిగుస్తుంది, రెండు మూడు నిమిషాల్లో జల్లిగరిటెతో తీసేస్తాం. గాలిలో అదే పనికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. మొజరెల్లా లాంటి చీజ్ 60 డిగ్రీల దగ్గరే కరిగి సాగడం మొదలుపెడుతుంది. పైపొర బిగిసేలోపే లోపలి చీజ్ కరిగి, పగుళ్ళలోంచి కారి, బుట్టకు అంటుకుని మాడుతుంది. ఈ బైట్స్ చేసినవాళ్ళలో ఈ అవస్థ పడనివాళ్ళు అరుదు.

దీనికి అందరూ చెప్పే చిట్కాలు ఏమిటి? ఆలుగడ్డ ఇంకాస్త కలపండి, ముద్ద గట్టిపడుతుంది. కార్న్‌ఫ్లోర్ ఇంకో చెంచా వేయండి. బ్రెడ్ పొడిలో ఒకసారి కాదు, రెండుసార్లు దొర్లించండి. ఫ్రీజర్‌లో అరగంట పెట్టండి. రంగు రాకపోతే పైన నూనె కొట్టండి. ఫ్రీజర్ సంగతి పక్కన పెడితే మిగతావన్నీ పిండినో నూనెనో పెంచేవే. యంత్రం పని జరగడానికి వంటకంలో పిండి పెరుగుతూ పోతుంది.

కూరగాయలకు ఏం జరుగుతుందో చూడండి. నీరున్న కూరగాయ ఈ ముద్దలో నిలవదు. సొరకాయ, బీరకాయ, టమాటా, పాలకూర వేస్తే ఉండ జారిపోతుంది. కాబట్టి అవి మొదటే తప్పుకుంటాయి. క్యాబేజీ తురిమితే ఉప్పు చల్లి గట్టిగా పిండి నీళ్ళు పారబోయమంటారు. ఆ నీళ్ళతోపాటే విటమిన్ సి, పొటాషియం కొంత పోతాయి. చివరికి మిగిలేది సన్నగా తరిగిన క్యారెట్, నాలుగు బీన్స్, రంగు కోసం క్యాప్సికమ్. మన లెక్కలో ఆరు ఉండలకు 45 గ్రాములు, అందులో స్వీట్‌కార్న్ కూడా కలిసి ఉంది. అదే ఆరింటిలో ఆలుగడ్డ, బ్రెడ్ పొడి, కార్న్‌ఫ్లోర్ కలిపితే 100 గ్రాములు దాటాయి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీలు తినేవాళ్ళ పళ్ళెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలంది. చిన్న పిల్లకు అంత అక్కర్లేదు, అయినా ఈ 45 గ్రాములతో ఆ పూటకు కూరగాయ అయిపోయిందని తల్లి అనుకుంటే పిల్లకే నష్టం.

ఇదే కూరగాయ మూకుట్లోకి వెళ్ళినప్పుడు ఎలా ఉండేదో గుర్తుచేసుకోండి. బీరకాయ బజ్జీలో నిండు బీరకాయ చక్రం ఉంటుంది, దాని చుట్టూ శనగపిండి పలుచటి తొడుగు. ఉల్లి పకోడీలో ఉల్లిపాయే ఎక్కువ, పిండి పట్టుకోవడానికి మాత్రమే. మెంతికూర, తోటకూర, గోంగూర ఏదైనా అందులో ఇమిడిపోతుంది. జారు పిండి తొడుగును పట్టి నిలిపేది కాగిన నూనె. అదే పిండిని చిల్లుల బుట్టలో పెడితే కిందికి కారిపోతుంది. అంటే ఏ కూరగాయ ఎంత పడుతుందో నిర్ణయిస్తున్నది వండే పద్ధతే. గాలిలో నిలవాలంటే పిండి ముద్ద కావాలి. పిండి ముద్ద రుచించాలంటే చీజ్ కావాలి. చీజ్ కారకుండా ఉండాలంటే మళ్ళీ పిండి కావాలి. ఈ సుడిలో మొదట కొట్టుకుపోయింది కూరగాయే, వంటకం పేరులో మాత్రం అది మిగిలింది.

శనగపిండిలో ఐదో వంతు ప్రొటీన్ ఉంటుంది. మైదా రొట్టెను ఎండబెట్టి కొట్టిన పొడిలో అంత ఉండదు. క్యారెట్‌లోని కెరోటిన్ ఒంటికి పట్టడానికి కాస్త కొవ్వు తోడుండాలన్నది కూడా పాత సంగతే. కాబట్టి చుక్క నూనె తగలకుండా చేయడం గొప్పేమీ కాదు.

నూనెలో రోజూ వేయించుకు తినమని నేను చెప్పడం లేదు. బజ్జీ బజ్జీయే, పండక్కో వాన పడ్డ సాయంత్రానికో చేసుకునేది. దాని గురించి ఎవరికీ భ్రమ లేదు గనకే అది ఎప్పుడో ఒకసారి దగ్గర ఆగింది.

3. కాల్షియం పేరు చెప్పి ఉప్పు పెడుతున్నారు

చీజ్‌లో కాల్షియం ఉంది, నిజమే. కానీ ఒక గ్లాసు పాలలో, 200 మిల్లీలీటర్లలో, సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గిన్నెడు పెరుగులోనూ దాదాపు అంతే. రాగుల్లో 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంది. పాలలో ఉన్నంత సులువుగా అది ఒంటికి పట్టదు, అయినా రాగి జావలో పెరుగు కలిపి తాగే ఇంట్లో కాల్షియం కోసం చీజ్ దాకా పోవలసిన అవసరం ఏముంది?

పాలు, పెరుగు ఇవ్వనిదొకటి చీజ్ దండిగా ఇస్తుంది. అది సోడియం. ప్రాసెస్డ్ చీజ్ తయారీలో ఉప్పుతోపాటు, కరిగినప్పుడు కొవ్వు విడిపోకుండా ఉండేందుకు సోడియం సిట్రేట్, సోడియం ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలుపుతారు. డబ్బా వెనక లేబుల్ చూడండి. 100 గ్రాములకు సోడియం ఒక గ్రాముకు అటూ ఇటూ కనిపిస్తుంది. మన ఆరు ఉండల్లో చీజ్ నుంచి వచ్చేది 300 మిల్లీగ్రాములు. ముద్దలో కలిపిన అర టీస్పూను ఉప్పు నుంచి ఆరింటి వాటా మరో 350. బ్రెడ్ పొడిలో ఉన్నది, పక్కన పెట్టుకున్న టమాటా సాస్‌లో ఉన్నది వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజంతటికీ పెట్టిన హద్దు 2,000 మిల్లీగ్రాములు, పిల్లలకు అంతకంటే తక్కువ. ఆరు ఉండలతో పెద్దవాళ్ళ హద్దులో మూడో వంతు పూర్తయింది. ఇంకా రాత్రి భోజనం ఉంది. అందులో ఆవకాయ ఉంటుంది, అప్పడం ఉంటుంది. ఊరగాయతో మొదలయ్యే భోజనం మనది. సాయంత్రం పూట ఇంకో ఉప్పు ముద్దను ఆరోగ్యం పేరుతో చేర్చుకునే స్థితిలో మనం లేము.

ఇంకో జాగ్రత్త. చవగ్గా దొరికే కొన్ని రకాల్లో పాల కొవ్వు స్థానంలో పామాయిల్ లాంటి నూనె కలుస్తుంది. లేబుల్ మీద సన్న అక్షరాల్లో అనలాగ్ అని ఉంటుంది. నూనె వద్దని ఎయిర్ ఫ్రయర్ కొన్నవాళ్ళు ఆ నూనెనే గట్టి ముద్ద రూపంలో కొని తెచ్చుకుంటున్నారు.

4. వేపుడులో ఉన్న ప్రమాదం ఇందులో లేదన్నది తొందరపాటు

వేపుళ్ళలో క్యాన్సర్ కారకాలుంటాయి, ఎయిర్ ఫ్రయర్‌లో ఉండవు అని ధీమాగా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు చెబుతున్నది అక్రిలమైడ్ గురించి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న ఆహారాన్ని 120 డిగ్రీలు దాటి వేడిచేస్తే అందులోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి అక్రిలమైడ్ తయారవుతుంది. ఆహారంలో ఇది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంతకుముందే, 1994లోనే, దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఆ నిర్ణయానికి ప్రధాన ఆధారం జంతువుల మీద చేసిన పరీక్షలు గనక అతిగా భయపడనక్కర్లేదు.

గమనించవలసింది ఏమిటంటే, అది పుట్టడానికి నూనె అవసరం లేదు. పిండి, వేడి, సమయం ఉంటే చాలు. బ్రెడ్ కాల్చినా పుడుతుంది. ఆలుగడ్డ, బ్రెడ్ పొడి కలిసిన ఉండను 200 డిగ్రీల పొడిగాలిలో పావుగంట పెట్టి, రంగు చాలలేదని ఇంకో నాలుగు నిమిషాలు తిప్పితే అక్కడా పుడుతుంది. ఆలుగడ్డల్ని ఫ్రిజ్‌లో నిల్వ పెడితే వాటిలో చక్కెరలు పెరిగి ఇది ఇంకా ఎక్కువ కావచ్చు. బంగారు రంగు రాగానే తీసేయాలి, ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకూడదు. ఈ జాగ్రత్త మూకుడుకెంతో ఈ బుట్టకూ అంతే. యంత్రం తనంతట తాను ఏ రక్షణా ఇవ్వదు.

5. ఇంట్లో చేసిందన్న భరోసా

ఇంట్లో చేసినదానికి విలువుంది. ఏం వేశామో మనకు తెలుస్తుంది. కానీ తెలిసి ఏం వేశామన్నది కదా ప్రశ్న. బ్రెడ్ పొడి, కార్న్‌ఫ్లోర్, చీజ్, సాస్ అన్నీ ఫ్యాక్టరీ నుంచి పొట్లాల్లో వచ్చి, మన చేత్తో కలిసినంత మాత్రాన ఇంటి వంట గుణం వాటికి అంటదు.

పైగా ఇది ఎక్కువకాలం ఇంట్లో చేసిందిగా మిగలదు. ఉడికించాలి, చిదమాలి, తురమాలి, ఉండలు చుట్టాలి, దొర్లించాలి, ఫ్రీజర్‌లో పెట్టాలి. నాలుగు లీటర్ల బుట్టలో ఒక వరుసకు పది పట్టడమే కష్టం, ఇరవై కావాలంటే రెండు విడతలు. ఉద్యోగం నుంచి వచ్చిన తల్లి ఈ పని వారానికి రెండుసార్లు ఎన్నాళ్ళు చేస్తుంది? మూడో నెలకు ఫ్రోజెన్ పొట్లం వస్తుంది. ఆ పొట్లాల్లో చాలావాటిని ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేయించి గడ్డకట్టిస్తారు. కావలసిన నూనె వాటిలో ముందే ఉంది గనకే ఎయిర్ ఫ్రయర్‌లో అవి అంత అందంగా ఎర్రబడతాయి. అయినా నూనె లేకుండా చేశామన్న నమ్మకం మాత్రం అలాగే ఉంటుంది. ఇక్కడ నేను తల్లిని తప్పుపట్టడం లేదు. పిల్ల సరిగా తినకపోతే అందరూ వేలెత్తి చూపేది ఆమెనే. ఆ భయాన్ని పట్టుకుని ఆమెకు యంత్రాన్నీ పొట్లాన్నీ అమ్మి, పైన ఆరోగ్యమని రాసినవాళ్ళను తప్పుపడుతున్నాను.

6. దాచిపెట్టిన కూరగాయ పిల్లకు పరిచయం కాదు

ఇక అన్నిటికంటే బలమైన వాదన. పిల్లలు మరోలా తినరు, ఇలాగైనా కొంత లోపలికి వెళ్తోంది కదా. దీన్ని తేలిగ్గా తోసేయలేను. అన్నం ముందు పెట్టుకుని గంటసేపు కూర్చునే పిల్ల ఉన్న ఇంట్లో ఆ అలసట ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుసు. అయినా ఈ వాదనే అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తోందని నా నమ్మకం.

పిల్లలకు కొత్త రుచి ఎలా అలవాటవుతుందో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ బర్చ్ ఏళ్ళ తరబడి పరిశోధించారు. రెండేళ్ళ పిల్లలతో ఆమె చేసిన అధ్యయనం 1982లో వెలువడింది. ఒక ఆహారాన్ని ఎన్నిసార్లు రుచి చూస్తే దాని మీద ఇష్టం అంతగా పెరుగుతుందని అందులో తేలింది. తర్వాతి పరిశోధనలూ దాన్నే బలపరిచాయి. ఒకటి రెండుసార్లు ఉమ్మేసిందని మానేయకూడదు, బలవంతం చేయకుండా పదిసార్లయినా ఎదుట పెట్టాలి. ఆ రుచి చూసే ప్రతిసారీ అది ఏమిటో నాలుకకు తెలియాలి. వాసన, రంగు, పంటికింద తగిలే తీరు తెలియాలి.

చీజ్ ముద్దలో సన్నగా తరిగి కలిపేసిన బీన్స్‌తో ఇందులో ఏదీ జరగదు. పిల్ల వంద ఉండలు తిన్నా బీన్స్ రుచి చూడలేదు. నేర్చుకున్నది చీజ్ రుచి, ఉప్పు రుచి, కరకర. రేపు పళ్ళెంలో బీన్స్ కూర పడితే అది ఆమెకు మొదటిసారి చూస్తున్న వస్తువే. ఇంకా చెడ్డ సంగతి ఒకటుంది. ఇందులో కూరగాయలు కనబడవులే, తిను అని పెద్దవాళ్ళు నోటితోనే చెబుతారు. కూరగాయ అంటే దాచవలసినదని, కనబడితే వద్దనవలసినదని పిల్లకు నేర్పింది మనమే. నాలుగేళ్ళప్పుడు కాకరకాయ వద్దనడం సహజం. పద్నాలుగేళ్ళకు కూడా వంకాయ కూర ముందు మొహం తిప్పుకుంటే అది దాచిపెట్టి పెంచిన ఫలితం.

పిల్లలకు చేత్తో పట్టుకుని కొరుక్కుతినే చిన్న ముద్దలే కావాలంటారా? మన దగ్గర లేవా? గుంత పొంగణాలు ఉన్నాయి. కోస్తాలో గుంత పునుగులంటారు. పులిసిన ఇడ్లీ పిండో దోసె పిండో, అందులో ఉల్లిపాయ, తురిమిన క్యారెట్, కొత్తిమీర, కరివేపాకు, పిల్లలు తట్టుకునేంత పచ్చిమిర్చి. గుంతకు పావు చెంచా నూనె. మూత పెట్టి, ఒకసారి తిప్పితే పైన కరకరలాడుతూ లోపల మెత్తగా పది నిమిషాల్లో తయారు. వేడి ఇనుప గుంత నేరుగా పిండిని తాకుతుంది గనక పైపొర వెంటనే బిగుస్తుంది. చీజ్ అక్కర్లేదు, బ్రెడ్ పొడి అక్కర్లేదు. మినప్పప్పు ప్రొటీన్ ఉంది, పులిసిన పిండి తేలిగ్గా అరుగుతుంది. క్యారెట్ ఎర్రగా, కొత్తిమీర పచ్చగా కంటికి కనబడుతూనే ఉంటాయి. ఇరవై రూపాయల సరుకుతో అయ్యే ఈ వంటకానికి ఆరోగ్యకరమన్న బిరుదు ఎవరూ ఇవ్వలేదు. దాని వెనక అమ్ముకోవలసిన పెట్టె ఏదీ లేదు. తెలంగాణలో సర్వపిండి, గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె, ఊరూరా ఉడకబెట్టిన శనగల, బొబ్బర్ల గుగ్గిళ్ళు, నీళ్ళలో ఉడికిన వేరుశనక్కాయలు, ఆవిరి కుడుములు. వీటిని పాత వంటలని పక్కకు నెట్టి ఆ చోటును చీజ్ ఉండలకు ఇవ్వడం నాకు బాధగా ఉంది. ఇందులో కోల్పోతున్నది రుచి ఒక్కటే కాదు, అమ్మమ్మ దగ్గర ఉన్న వంట తెలివి కూడా.

ఎయిర్ ఫ్రయర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మూలన పెట్టనక్కర్లేదు. దానికి సరిపోయే పని ఇవ్వండి. బెండకాయల్ని నిలువుగా చీల్చి, ఒక చెంచా నూనె, ఉప్పు, కారం పట్టించి 180 డిగ్రీల్లో పెట్టండి, జిగురు పోయి కరకరలాడతాయి. క్యాలీఫ్లవర్ పువ్వులు, కాకరకాయ చక్రాలు, చిలగడదుంప ముక్కలు, పెరుగూ మసాలా పట్టించిన పనీర్, ఇవన్నీ అందులో బాగా వస్తాయి. నూనె పూర్తిగా మానకండి. ఆ ఒక్క చెంచా ముక్కకు పట్టుకుంటేనే వేడి సరిగా అందుతుంది, రంగు వస్తుంది. ఇలా చేసినప్పుడు పళ్ళెంలో ఉన్నది బెండకాయేనని పిల్లకు కనిపిస్తుంది. ఆ పని చేయించుకున్నప్పుడే యంత్రానికి పెట్టిన డబ్బుకు అర్థముంది.

చీజ్ బైట్స్ చేయొద్దని కూడా అనను. అవి రుచిగా ఉంటాయి, పిల్లలకు ఇష్టం. పుట్టినరోజుకు చేయండి, స్నేహితులు వచ్చినప్పుడు చేయండి. అలాంటి రోజున చీజ్ మంచిది తెచ్చి నిండుగా పెట్టండి, కుదిరితే నూనెలోనే వేయించండి, రుచి రెట్టింపవుతుంది. కానీ లంచ్ బాక్సులో వారానికి మూడుసార్లు పెడుతూ, ఇది ఆరోగ్యానికి మంచిదమ్మా అని పిల్లతో అనకండి. పుట్టినరోజు కదా, అందుకని చేశాను అనండి.